స్కౌట్ దళం వెనుక ఉండే పెద్దలు



మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా బడిలో ఒక స్కౌట్ దళం ఉండేది. మెడలో స్కార్ఫు, చేతిలో తాడు, ఎడమచేత్తో కరచాలనం. అన్నీ ఒక్క సారే చూసుకునేవారు. ఆ సారుకు బదిలీ అయింది. వేసవి సెలవుల తర్వాత వచ్చి చూస్తే స్కార్ఫులు బీరువాలో ఉన్నాయి, బీరువాకు తాళం ఉంది. 'ప్రవేశ్' పూర్తిచేసి 'ప్రథమ సోపాన్'కు తయారవుతున్న మేమంతా అక్కడే ఆగిపోయాం. పిల్లలు తక్కువై కాదు, పెద్దలు లేక ఆ దళం పోయింది.

1907లో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి శిబిరం పెట్టారు. 1909లో స్కౌటింగ్ మన దేశానికి వచ్చింది కానీ మొదట్లో ఆంగ్లేయుల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే ప్రవేశం. మన పిల్లలను చేర్చుకోలేదు. అప్పుడు పెద్దలే పూనుకున్నారు. 1916లో మద్రాసులో అనిబిసెంట్, అరండేల్ భారతీయ బాలుర కోసం వేరే సంఘం పెట్టారు. అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పాయ్ సేవా సమితి స్కౌట్లను నడిపారు. ఇలాంటి సంఘాలన్నీ కలిసి 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. 1951లో గైడ్స్ కూడా చేరారు.

దళంలో ఆరుగురు, ఎనిమిది మంది కలిస్తే ఒక పెట్రోల్ (బండిలో పోసేది కాదు!). దాని నాయకుడు కూడా పిల్లవాడే. స్కౌట్లకు స్కౌట్ మాస్టర్, గైడ్లకు గైడ్ కెప్టెన్ శిక్షణ పొంది నేర్పుతారు. వీళ్ల వెనుక గ్రూప్ కమిటీ ఉండాలి. ముడులు నేర్పడం కమిటీ పని కాదు. శిబిరానికి బస్సు, బియ్యం, మందులు, స్థలం, అనుమతులు చూడటం, ఒక సారు వెళ్లిపోతే ఇంకొకరిని వెతకడం దాని పని. ఫోటోకు మాత్రం వచ్చే కమిటీ ఉన్నా లేనట్టే. పెద్దవాళ్లయిన పూర్వ స్కౌట్లకు, గైడ్లకు 1953లో స్విట్జర్లాండులో అంతర్జాతీయ ఫెలోషిప్ కూడా ఏర్పడింది.

మన మహదేవపూర్ మండలంలోని కాళేశ్వరం సంగతే చూద్దాం. 2015లో గోదావరి పుష్కరాలు, 2025లో సరస్వతి పుష్కరాలు జరిగాయి. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. అంత జనంలో మంచినీళ్లు ఇవ్వడం, తప్పిపోయిన వాళ్లను శిబిరానికి చేర్చడం పిల్లలు చేయగలరు. కానీ వాళ్లను నీళ్లలోకి దింపకూడదు. ఎండలో ఎన్ని గంటలు నిలబెట్టాలి, అన్నం ఎప్పుడు పెట్టాలి, రాత్రి ఎక్కడ పడుకోబెట్టాలి అన్నవి పెద్దలే చూడాలి. కనీసం ఇద్దరు ఉండాలి. ఆడపిల్లలు వెళితే అక్కలెవరైనా తప్పక వెంట ఉండాలి.

పట్నంలో అయితే కమిటీలో తల్లిదండ్రులు కూర్చుంటారు. మా అమ్మానాన్నలు కూలికి పోకపోతే ఆ రోజు గడవదు, సంతకమంటే వేలిముద్రే. హాస్టల్ పిల్లలకు ఆ కుర్చీలో కూర్చోవలసింది ఇక్కడ చదివి పైకొచ్చిన మనమే అని మాకు అనిపిస్తుంది. భూపాలపల్లిలో ఉన్న అన్నలు నెలకు ఒక ఆదివారం రాగలరు. దూరంలో ఉన్నవాళ్లు తాళ్లకు, ప్రథమ చికిత్స పెట్టెకు డబ్బు పంపగలరు. రోవర్లుగా ఉండటానికి వయసు 25 ఏళ్ల వరకు. మా బ్యాచ్‌కు ఇప్పుడు 23. వార్షికోత్సవం నాడు భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చుందాం, పేర్లు రాసుకోవడానికి నోటుబుక్కు మేమే తెస్తాం.