బండి వంగలేదు, బరువు తగ్గలేదు

మిరపకాయల కాలం. పల్నాడులో ఒక ఊరు. కళ్ళంలో కాయలు ఎండాయి. టిక్కీలు కుట్టి గుంటూరు యార్డుకు పంపాలి.

ఆ ఊళ్ళో ఒక ఇంటికి పికప్ బండి ఉంది. అప్పు చేసి కొన్నారు. అందులో కొంత డబ్బు కోడలు పొదుపు సంఘంలో తీసుకున్నది. నెల నెలా కిస్తీ కట్టాలి. కాబట్టి బండి మంచీ చెడూ ఆమెకూ కావాలి.

కిందటేడు బండికి 27 టిక్కీలు ఎక్కించేవారు. ఈ ఏడు 40 ఎక్కించారు. బండి వెనక భాగం కిందికి కూలబడింది. ముందు భాగం పైకి లేచింది. రాత్రి పూట లైట్లు రోడ్డు మీద పడలేదు. ఎదురొచ్చే వాళ్ళ కళ్ళల్లో పడ్డాయి. స్టీరింగు తేలికైపోయింది. తిప్పినా బండి వెంటనే తిరగలేదు.

ఎద్దుల బండి తోలిన ఇంట్లో ఇది కొత్త కాదు. బస్తాలన్నీ వెనక వేస్తే బండి వెనక్కి తూగుతుంది. కాడి ఎద్దుల మెడ మీద ఆనదు. పైకి లేస్తుంది. అప్పుడు ఎద్దులు ఎంత మంచివైనా బండి చెప్పిన మాట వినదు. పికప్ బండికి ముందు చక్రాలే ఎద్దుల మెడ లాంటివి. వాటి మీద బరువు ఆనాలి.

భర్త గుంటూరు నుంచి వచ్చి చెప్పాడు.

"కమాన్ల కొట్టులో అడిగా. ఇంకో పట్టీ వేస్తే బండి వంగదంట. అప్పుడు 40 కాదు, 45 ఎక్కించొచ్చు."

"నేనూ వస్తా పద" అన్నది కోడలు.

కమాను పట్టీలు అందరూ చూసే ఉంటారు. బండి కింద, చక్రం దగ్గర, విల్లులాగా వంగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి కట్టి ఉంటాయి. దాన్నే కమాను కట్ట అంటారు. బరువు పడితే ఆ విల్లు సాగుతుంది. గుంట వస్తే ఊగి, దెబ్బను మింగుతుంది. బరువు మితం దాటితే ఊగడానికి చోటుండదు. అప్పుడు బండి దడదడ కొట్టుకుంటుంది. ఒక్కోసారి పట్టీ విరుగుతుంది.

కొట్టులో మేస్త్రి పెద్దవాడు. బండి కిందికి దూరి చూశాడు.

"బాబాయ్, పట్టీ వేస్తే బండి వంగదా?" అని కోడలు అడిగింది.

"వంగదమ్మాయ్. నిటారుగా నిలబడుద్ది."

"మరి బ్రేకు కూడా పెద్దదవుద్దా?"

మేస్త్రి చేతిలో పానా కింద పెట్టాడు. "కాదు. బ్రేకు అదే. టైర్లు అవే. ఇరుసు అదే. ఈ మాట ఇంతవరకూ నన్నెవరూ అడగలా" అన్నాడు.

తర్వాత ఆయన గాలి తిత్తుల సంగతి చెప్పాడు.

అమెరికాలో చాలామంది ఇలాంటి పికప్ బండ్ల వెనక ఇంకో బండిని తగిలించి లాగుతారు. దాంట్లో గుర్రాలు ఉండొచ్చు. పడవ ఉండొచ్చు. వంటగది, పడకతో సహా ఒక చిన్న ఇల్లే ఉండొచ్చు. ఆ లాగుడు బండి మెడ వచ్చి పికప్ తోక మీద ఆనుతుంది. తోక కిందికి పోతుంది. ముందు చక్రాలు తేలిపోతాయి. అందుకని వెనక ఇరుసుకూ బండి చట్రానికీ మధ్య, అటొకటి ఇటొకటి రబ్బరు తిత్తులు బిగిస్తారు. బరువు ఎక్కించాక వాటిలో గాలి కొడతారు. తిత్తులు ఉబ్బి తోకను పైకి లేపుతాయి. బరువు దించాక గాలి తగ్గిస్తారు. లేకపోతే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. అలాగని గాలి పూర్తిగా తీయరు. కొద్దిగానైనా ఉంచాలి. వట్టి తిత్తి మడతపడి, ఒరుసుకుని చినుగుతుంది. గాలి పోతున్నదేమో చూడటానికి సబ్బు నీళ్ళు పూస్తారు. బుడగ వస్తే అక్కడ కారుతున్నట్టే.

మన దగ్గర వోల్వో బస్సులకు గాలి తిత్తులు ఉన్నాయి. అందుకే అందులో కుదుపు తక్కువ. కానీ వాటికీ వీటికీ తేడా ఉంది. ఆ బస్సును కంపెనీ మొదటినుంచీ తిత్తుల మీదే నిలబెట్టింది. పికప్ కింద వేసేవి సాయం తిత్తులు. కమాను కట్టకు తోడుగా ఉంటాయి, అంతే.

ఆ సాయం తిత్తులు చేసే కంపెనీలే తమ కాగితాల్లో ఒక హెచ్చరిక రాస్తాయి. ఇవి బిగించినా బండి మోయదగిన బరువు పెరగదు, బండికి రాసిన బరువు దాటవద్దు అని. అమ్మేవాడే ఆ మాట చెబుతున్నాడంటే ఊరికే చెప్పడు.

ఇంకో సంగతి ఉంది. తిత్తి తోకను పైకి లేపుతుంది. బండి చూపుకు చక్కగా నిలబడుతుంది. లైట్లు మళ్ళీ రోడ్డు మీద పడతాయి. అది మేలే. కానీ ముందు చక్రాల మీద నుంచి పోయిన బరువు తిరిగి రాదు. దానికి సరుకు ముందుకు జరపాలి. లేదా దించాలి. అదనపు పట్టీ వేసినా ఇదే లెక్క.

"మనం గంప నెత్తిన పెట్టుకుంటాం గదా" అన్నది కోడలు భర్తతో. "చుట్టకుదురు మందంగా చుడితే నెత్తి నొప్పి పుట్టదు. గంప బరువు తగ్గుద్దా? మెడా నడుమూ మోకాళ్ళూ మోసేది అదే బరువు."

భర్త మాట్లాడలేదు. కోడలు బండి చుట్టూ తిరిగింది. ఒక పక్కన తెల్ల రంగుతో ఏవో రాసి ఉన్నాయి. అక్షరాలు ఇంగ్లీషువి. అంకెలు మాత్రం రాత్రి బడిలో నేర్చుకున్నవే. ఒక చోట 1700. ఇంకో చోట 2900. మొదటిది ఖాళీ బండి బరువు, రెండోది సరుకుతో సహా మొత్తం బరువు అని మేస్త్రి చెప్పాడు. ఆర్.సి.లోనూ అవే ఉంటాయి. సరుకు బండ్లకు ఈ బరువులు పైకి కనబడేలా రాసి ఉండాలి. కానీ ఆగి చదివేవాళ్ళు తక్కువ.

కోడలు అక్కడే సుద్దముక్కతో లెక్క వేసింది.

2900లో 1700 పోతే 1200 కిలోలు. డ్రైవరు, పక్కన మనిషి కలిసి 120 కిలోలు అనుకుందాం. మిగిలింది 1080. టిక్కీ 40 కిలోలు. 1080ని 40తో భాగిస్తే 27.

కిందటేడు ఎక్కించింది 27. మామగారు చదువుకోలేదు. ఆయన ఏ లెక్కన 27 అన్నాడో ఎవరూ అడగలేదు.

40 టిక్కీలంటే 1600 కిలోలు. మనుషులతో 1720. అంటే మితం కన్నా 520 కిలోలు ఎక్కువ. ఆ బరువుతో పరుగెత్తే బండిని ఆపడానికి బ్రేకు ఎక్కువ కష్టపడాలి. వేడెక్కుతుంది. బండి ఆగేలోపు ఇంకా ముందుకు పోతుంది. ఎండాకాలం టైరు కూడా కాగి పగలొచ్చు.

డబ్బు లెక్క కూడా చూసింది. టిక్కీకి 60 రూపాయల బాడుగ అనుకుంటే, 13 టిక్కీలకు 780 రూపాయలు. ఎక్కువ బరువుతో పట్టుబడితే, 2019లో మార్చిన కేంద్ర చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు. పైగా ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. అంటే 25 తడవల మిగులు ఒక్కసారిగా పోతుంది.

అప్పుడు కోడలికి ఇంకొకటి తట్టింది. తెల్లవారుజామున ఆ బండిలోనే ఆడకూలీలు కాయ కోతకు వెళతారు. పాతికమంది నిలబడి వెళతారు. మనిషికి 50 కిలోలు వేసినా 1250 కిలోలు. టిక్కీల బరువు కన్నా ఎక్కువ! మనుషుల్ని ఎవరూ కాటా వేయరు. పైగా నిలబడ్డ మనుషుల బరువు పైన ఉంటుంది. మలుపులో బండి ఒరుగుతుంది.

"ఏదన్నా అయితే ఇన్సూరెన్సు వస్తుందిగా" అన్నాడు భర్త.

"రాదు" అన్నాడు మేస్త్రి.

ఆయన చెప్పింది నిజం. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు ఏదైనా జరిగితే, ఆ నష్టం ఇన్సూరెన్సు కంపెనీ మీద పడదని 2002లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. సరుకు గల మనిషి తన సరుకు వెంట వెళ్ళడం వేరు. కూలికి పోయే ఆడవాళ్ళు తొట్టిలో నిలబడి పోవడం వేరు.

మేస్త్రి కమాను కట్ట విప్పాడు. లోపల ఒక పట్టీ చిట్లి ఉంది. దాన్ని తీసి, అదే కొలతది కొత్తది వేశాడు. అదనపు పట్టీ వేయలేదు.

ఇంటికొచ్చాక అత్త అడిగింది. "ఎన్ని ఎక్కిద్దామన్నాడే?"

"ఇరవై ఏడు, అత్తా."

"మీ మామా అదే అనేవాడు."

మర్నాడు 27 ఎక్కించారు. ముందు క్యాబిన్ దగ్గర్నుంచి పేర్చుకుంటూ వచ్చారు. కూలీలను ఎలా తీసుకెళ్ళాలో సంఘంలో మాట్లాడదామని కోడలు చెప్పింది. రెండు ఆటోల వాళ్ళను పిలిచి బాడుగ అడగాలి. రైతులు ఆ బాడుగ ఇవ్వడానికి ఒప్పుకుంటారో లేదో చూడాలి.

మిగిలిన 13 టిక్కీలు కళ్ళంలో పట్టా కింద ఉన్నాయి. ఆ రాత్రి వాన రాలేదు. అయినా భర్త రెండుసార్లు లేచి మబ్బు చూసి వచ్చాడు.