నాటుకోడి, కొండ గోరింక

బస్తర్‌లో వారపు సంతకు వెళ్లినప్పుడల్లా మేము కోళ్లు అమ్మే చోట కాసేపు ఆగుతాం. కాళ్లు కట్టిన నాటుకోళ్లు, బుట్టల్లో పిల్లలు, ఓ పక్కన పందెం పుంజులు కనిపిస్తాయి. ఇక్కడి పల్లె ఇంటికి కోడి అంటే దాచుకున్న డబ్బు. అవసరం వస్తే ఒకదాన్ని అమ్ముకుంటారు. అందుకే కోళ్లకు జబ్బు వస్తే ఇల్లంతా దిగులుపడుతుంది. అలాంటి జబ్బుల్లో ఒకటైన బర్డ్ ఫ్లూ గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎలా వ్యాపిస్తుంది?

బర్డ్ ఫ్లూ వైరస్‌తో వచ్చే జబ్బు. ఆ వైరస్‌లలో హెచ్5ఎన్1 చాలా ప్రమాదకరం. అడవి బాతులు కొన్నిసార్లు జబ్బు పడకుండానే దీన్ని మోస్తాయి. వాటి రెట్ట చెరువు నీటిలో కలుస్తుంది. ఆ నీళ్లు తాగిన కోళ్లకు జబ్బు సోకితే త్వరగా చనిపోతాయి. తర్వాత మన చెప్పులు, పంజరాలు, గుడ్ల ట్రేలు, బండి చక్రాలు వైరస్‌ను ఊరూరికీ చేరుస్తాయి.

అడవి పక్షులకూ ఇది ముప్పే. 2020-21 చలికాలంలో హిమాచల్‌ప్రదేశ్‌లోని పాంగ్ డ్యామ్ జలాశయం దగ్గర వేల వలస పక్షులు చనిపోయాయి. కాంగేర్ లోయ అడవుల్లో ఉండే కొండ గోరింక ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. ఇప్పటికే అరుదైన ఆ పక్షికి కొత్త జబ్బు రాకూడదు.

మనకు దూరమా?

కాదు. 2025 ఆరంభంలో ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ ప్రభుత్వ కోళ్ల ఫారంలో ఈ జబ్బు బయటపడింది. ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని వేల్పూరు, కానూరులలో కూడా కనిపించింది. అక్కడికి జగదల్‌పూర్ నుంచి సుక్మా, కొంటా మీదుగా దారి ఉంది.

కొక్కెర తెగులులోనూ ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. కాబట్టి చూసి చెప్పలేం. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారిస్తుంది. జబ్బు తేలితే ఒక కిలోమీటరు లోపలి కోళ్లను చంపి పూడ్చిపెడతారు. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంచుతారు. అలా చంపిన కోళ్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. ఈ సంగతి తెలియక కొందరు భయంతో జబ్బు కోళ్లను చవగ్గా అమ్మేస్తారు. అప్పుడే జబ్బు సంతకెక్కుతుంది.

మనం ఏం చేయాలి?

1. చచ్చిన కాకిని, బాతును, కోడిని ముట్టుకోకూడదు. వెంటనే పెద్దలకు చెప్పాలి. వాళ్లు పశువైద్యశాలకు తెలియజేస్తారు.
2. కోళ్లకు మేత, నీళ్లు గూటి దగ్గరే పెట్టాలి. చెరువు గట్టుకు వదలకూడదు.
3. సంత నుంచి తెచ్చిన కొత్త కోడిని కొన్నాళ్లు విడిగా ఉంచాలి.
4. సంత నుంచి రాగానే చెప్పులు కడిగి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.
5. మాంసం, గుడ్లు బాగా ఉడికించే తినాలి. ఈ జబ్బు మనుషులకు అరుదుగా సోకినా ప్రాణం మీదికి తెస్తుంది.

మనలో చాలామందిమి అమ్మానాన్నల బదిలీతో ఇక్కడికి వచ్చాం. కొన్నేళ్లకు మళ్లీ వెళ్లిపోతాం. ఉన్నన్నాళ్లూ ఈ ఊరి కోళ్లు, ఈ అడవి గోరింకలు మనవే. చచ్చిన పక్షిని చూసి ఊరుకోకుండా ఒక్క మాట చెప్పినా వాటికి మేలు చేసినవాళ్లమవుతాం.