ముందు ఏది మార్చాలి?

ప్రశ్న: నా కంప్యూటర్లో ఐ5-9400ఎఫ్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 కార్డు, పాత హార్డ్ డిస్క్ ఉన్నాయి. కొత్త గేములు ఆగి ఆగి నడుస్తున్నాయి. 25 వేలు కూడబెట్టాను. కార్డు మార్చేయనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: తొందరపడకండి. ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి చేయండి. గేమ్ సెట్టింగుల్లో రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు చాలడం లేదన్నమాట. పెరగలేదా, అడ్డు ప్రాసెసర్ దగ్గరో ర్యామ్ దగ్గరో ఉంది.

మీరు ‘ఆగి ఆగి’ అన్నారు చూశారూ, నా అనుమానం ర్యామ్ మీదే. 8 జీబీలో విండోస్, బ్రౌజర్ కలిసి పెద్ద వాటా తినేస్తాయి. మిగిలింది చాలక గేమ్ మాటిమాటికీ హార్డ్ డిస్క్ దగ్గరికి పరుగెడుతుంది. ఆ గతుకు అక్కడిదే. ఇప్పుడున్నది ఒకే స్టిక్ అయితే, అదే రకం అదే వేగం ఉన్న ఇంకో 8 జీబీ జోడించండి. రెండూ డ్యూయల్ ఛానల్‌లో పనిచేస్తాయి. గేములకు ఎస్ఎస్‌డీ కూడా పెట్టండి.

అప్పటికీ చాలకపోతే కార్డు. 1650కి 75 వాట్లు చాలు, ఆర్‌టీఎక్స్ 3060కి 170 కావాలి. క్యాబినెట్‌తో వచ్చిన చవక పవర్ సప్లైని నమ్ముకుని నేనోసారి కార్డు మార్చాను. గేమ్ మధ్యలో సిస్టమ్ ఠప్పున ఆరిపోతుంటే రెండు వారాలు వైరస్ అనుకున్నాను! మంచి 550 వాట్ల సప్లై ఖర్చునూ లెక్కలో వేసుకోండి. రంగుల లైట్ల ఫ్యాన్ల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.