ఎంపికైన అభ్యర్థి పూర్వాపరాలను విచారించేది ఎవరు?

ప్రశ్న: పోలీసు, ప్రభుత్వ ఉద్యోగాలకు ఎంపికైనవారి గురించి ఎవరు విచారిస్తారు? పాత కేసు ఉంటే ఉద్యోగం రాదా?

జవాబు: అభ్యర్థి తన చిరునామాలు, చదువు, తనపై నమోదైన కేసుల వివరాలు స్వయంగా రాసి సంతకం చేసే ధ్రువీకరణ పత్రాన్ని, అంటే అటెస్టేషన్ ఫారాన్ని, నియామకాధికారి పోలీసు శాఖకు పంపగా, సాధారణంగా జిల్లా ఎస్పీ లేదా కమిషనర్ ఆధీనంలోని స్పెషల్ బ్రాంచ్ సిబ్బంది స్థానిక ఠాణా రికార్డులు పరిశీలించి, ఇరుగుపొరుగును విచారించి నివేదిక ఇస్తారు. గత ఐదేళ్లలో ఏడాదికి మించి వేరొకచోట నివసించి ఉంటే కేంద్ర కొలువుల ఫారంలో ఆ చిరునామా కూడా రాయాలి. అయితే పోలీసులు వాస్తవాలను నివేదించేవారే తప్ప నిర్ణేతలు కారు. తుది నిర్ణయం నియామకాధికారిదే.

అభ్యర్థులకు ఎక్కువ నష్టం తెచ్చేది తరచుగా కేసు కాదు, దాన్ని దాచడం. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం, యువకులు నినాదాలు చేయడం వంటి స్వల్ప నేరాన్ని వెల్లడించకపోయినా అధికారి తన విచక్షణతో ఉపేక్షించవచ్చునని, ఫారంలో ప్రత్యేకంగా అడగని విషయాన్ని దాచినట్లు పరిగణించరాదని, నిజం చెప్పినంత మాత్రాన నియమించి తీరాలని అధికారిని నిర్బంధించలేమని స్పష్టం చేసింది. అందువల్ల కొట్టివేసిన కేసునైనా, ఫారం అడిగితే, తీర్పు ప్రతితో సహా తెలపడమే క్షేమం.