జంట న్యూట్రాన్ నక్షత్రాలు – వాటిని చూపించిన కాంతులు

సూర్యుడి కంటే ఎన్నో రెట్లు పెద్దదైన నక్షత్రం ఇంధనం అయిపోయి పేలినప్పుడు, చాలాసార్లు దాని నడుమ ఒక గట్టి ముద్ద మిగులుతుంది. అదే న్యూట్రాన్ నక్షత్రం. వ్యాసం సుమారు 20 కిలోమీటర్లే గానీ, ద్రవ్యరాశి సూర్యుడి కంటే ఎక్కువ. ఇలాంటివి రెండు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే జంట న్యూట్రాన్ నక్షత్రాలంటారు.

మొదటి జంటను 1974లో హల్స్, టేలర్ రేడియో తరంగాల ద్వారా కనుగొన్నారు. ఆ రెండూ గురుత్వ తరంగాల రూపంలో శక్తిని కోల్పోతూ క్రమంగా దగ్గరవుతున్నాయని తర్వాత తేలింది. వారికి 1993లో నోబెల్ బహుమతి లభించింది.

మరి చివరికి ఢీకొంటే ఏమవుతుంది? 2017 ఆగస్టు 17న మరో జంట దీనికి జవాబిచ్చింది. ముందుగా లైగో, విర్గో పరికరాలకు గురుత్వ తరంగాలు అందాయి. నక్షత్రాల ద్రవ్యరాశి, దూరం వాటివల్లే తెలిశాయి. ఆ తర్వాత కాంతులు వరుసగా వచ్చాయి.

1. గామా కిరణాలు: 1.7 సెకన్లకే ఫెర్మి ఉపగ్రహానికి చిక్కాయి. గురుత్వ తరంగాలు కాంతి వేగంతోనే ప్రయాణిస్తాయని దీంతో రుజువైంది.

2. దృగ్గోచర కాంతి: సుమారు 11 గంటలకు చిలీలోని స్వోప్ టెలిస్కోపుకు కనిపించింది. ఆ చోటు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్.జి.సి. 4993 గెలాక్సీ అని తెలిసింది.

3. పరారుణ కాంతి: మొదట నీలంగా ఉన్న వెలుగు కొద్ది రోజుల్లో ఎర్రబడి పరారుణంలోకి జారింది. బంగారం, ప్లాటినం వంటి బరువైన మూలకాలు అక్కడ తయారయ్యాయనడానికి ఇదే గుర్తు.

4. ఎక్స్ కిరణాలు, రేడియో తరంగాలు: ఎక్స్ కిరణాలు 9 రోజులకు, రేడియో తరంగాలు 16 రోజులకు అందాయి. ఢీకొన్నప్పుడు వెలువడిన ధార మనవైపు సూటిగా లేదు. అది నెమ్మదించి, దాని వెలుగు పక్కలకు పరుచుకున్నాకే మనకు కనిపించింది. పుణె దగ్గరి మన జి.ఎం.ఆర్.టి. కూడా ఈ రేడియో పరిశీలనల్లో పాలుపంచుకుంది.

గామా కిరణాలు ఒక్కటే అంది ఉంటే దీన్ని ఒక బలహీనమైన మెరుపుగా రాసుకుని వదిలేసేవారు. గురుత్వ తరంగాలు మాత్రమే అంది ఉంటే ఏ గెలాక్సీయో తెలిసేది కాదు. ఒక్కో కాంతి ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పింది.

తమ్ముళ్లారా! విద్యుదయస్కాంత వర్ణపటం పట్టికను పరీక్ష కోసం కంఠస్థం చేసేటప్పుడు, ఒక్కో కిరణం పక్కన అది ఇక్కడ ఏం చెప్పిందో రాసుకోండి. పట్టికా గుర్తుంటుంది, అది ఎందుకు చదువుతున్నామో కూడా తెలుస్తుంది.