చెయ్యి పైకి లేవడం లేదా? భుజంలో టెండన్ చిరిగిందేమో చూపించండి

భుజం నొప్పి రాగానే చాలామంది "వాతం" అనో, "నరం పట్టింది" అనో అనుకుని, తైలం రాసి కాపడం పెడతారు. మరికొందరు "ఫ్రోజెన్ షోల్డర్" అని తామే తేల్చేసుకుంటారు. భుజంలోని టెండన్ చిరిగినా ఇలాంటి నొప్పే వస్తుంది. కొన్ని చిరుగులు వ్యాయామంతో కుదుటపడతాయి. కొన్నింటికి త్వరగా ఆపరేషన్ అవసరమవుతుంది. ఈ తేడా ఇంట్లోవారికి తెలిసి ఉండటం మంచిది.

రొటేటర్ కఫ్ అంటే ఏమిటి?

భుజం కీలు చిన్న పళ్ళెం మీద పెద్ద బంతి నిలిచినట్టు ఉంటుంది. బంతి జారిపోకుండా రెక్క ఎముక నుంచి వచ్చే నాలుగు కండరాలు దాన్ని చుట్టి పట్టుకుంటాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి భాగమే టెండన్. ఈ నాలుగు కండరాలనూ, వాటి టెండన్లనూ కలిపి రొటేటర్ కఫ్ అంటారు.

ఎందుకు చిరుగుతుంది?

1. వయసుతో అరిగి: 60 ఏళ్ళు దాటినవారిలో ఇది ఎక్కువ. బస్తాలు మోసేవారికి, చేతులు పైకెత్తి సున్నాలు, రంగులు వేసేవారికి ముందే రావచ్చు. కొందరికి చిరుగు ఉన్నా నొప్పే ఉండదు.

2. దెబ్బ తగిలి: బండి మీద నుంచి పడినప్పుడు, చెయ్యి ఆనించి జారిపడినప్పుడు, భుజం కీలు తప్పినప్పుడు.

గుర్తులు

- రాత్రి నొప్పి పెరగడం, ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం.
- తల దువ్వుకోవడం, చొక్కా తొడుక్కోవడం, అటక మీది డబ్బా దించడం కష్టం కావడం.
- పైకెత్తిన చెయ్యి నిలవక పడిపోవడం.

ఫ్రోజెన్ షోల్డర్‌లో కీలు బిగుసుకుపోతుంది కనుక డాక్టరు లేపినా చెయ్యి పూర్తిగా లేవదు. టెండన్ చిరిగితే రోగి తనంతట తాను లేపలేకపోయినా, డాక్టరు లేపితే చాలావరకు లేస్తుంది. ఈ పరీక్ష మీరు ఇంట్లో బలవంతంగా చేయకండి.

ఎక్స్ రేలో ఎముక విరిగిందీ లేనిదీ తెలుస్తుంది. టెండన్ కనిపించదు. అందుకే "ఎక్స్ రే బాగుంది" అన్నంత మాత్రాన నిశ్చింత పడకూడదు. చిరుగును అల్ట్రాసౌండ్ స్కాన్‌లో గానీ, ఎం.ఆర్.ఐ.లో గానీ చూస్తారు.

చికిత్స

అరుగుదలతో వచ్చిన చిరుగులకు, సగం చిరిగినవాటికి మొదట మందులు, ఫిజియోథెరపీ ఇస్తారు. వ్యాయామాలు కనీసం 6 నుంచి 12 వారాలు క్రమంగా చేయాలి. చిరుగు అలాగే ఉన్నా, మిగతా కండరాలు బలపడి చాలామంది తమ పనులు తాము చేసుకోగలుగుతారు. నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడవద్దు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, బి.పి. ఉన్నవారికి అవి హాని చేయవచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరగవచ్చు. షుగర్ ఉంటే ముందే చెప్పండి.

దెబ్బ తగిలి టెండన్ పూర్తిగా తెగితే ఆలస్యం చేయకూడదు. తెగిన కండరం వెనక్కి లాగుకుపోయి, సన్నబడి, అందులో కొవ్వు చేరుతుంది. ఆ తర్వాత కుట్టినా అతకడం కష్టం. కాబట్టి పడిన తర్వాత చెయ్యి లేవకపోతే మాలిష్ చేయించకుండా, ఆ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించండి. చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చూస్తూ టెండన్‌ను ఎముకకు తిరిగి కుట్టవచ్చు.

ఆపరేషన్ తర్వాత ఇంట్లోవారి బాధ్యత

- చెప్పినన్నాళ్ళు, సాధారణంగా 4 నుంచి 6 వారాలు, చేతికి స్లింగ్ ఉంచాలి. నొప్పి తగ్గిందని తీసేయనివ్వకండి. కుట్లు తెగే ప్రమాదం ఉంది.
- చొక్కా తొడిగేటప్పుడు ఆపరేషన్ అయిన చేతికి ముందు తొడగండి. విప్పేటప్పుడు ఆ చేతిది చివర విప్పండి.
- వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి డాక్టరు చెప్పినట్టు కదిలించమనండి.
- బరువు పనులకు 4 నుంచి 6 నెలలు పట్టవచ్చు. అంతవరకు బిందె మోయడం వంటి పనులు మీరు అందుకోండి.
- పొగ తాగితే టెండన్ సరిగా అతకదు. మానిపించండి.

జ్వరం, గాయం నుంచి చీము, చేతికి తిమ్మిరి వస్తే వెంటనే ఆసుపత్రికి రండి. భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకువెళ్ళండి.