కుక్కచెవులు - వాని పరిశుభ్రత

మనుష్యునితో గలసి నివసించుటకు అలవాటుపడిన జంతువులలో కుక్కయే మొదటిది. జర్మనీదేశమున బాన్ నగర సమీపమునందు 1914వ సంవత్సరమున ఒక పురాతన సమాధి బయల్పడెను. సుమారు 14,000 సంవత్సరముల నాటి ఆ సమాధిలో ఒక పురుషుని ఎముకలును, ఒక స్త్రీ ఎముకలును, వానితో గూడ కుక్క ఎముకలును ఉండెను. అంతటి ప్రాచీనకాలమునుండి ఈ జంతువు మనలను ఆశ్రయించి, మన వాకిట కావలి కాయుచున్నది. ఆ కావలికి దానికి గల ముఖ్యసాధనములు రెండు: ఒకటి ముక్కు, రెండవది చెవి. మనుష్యుని చెవికి సెకనుకు 20,000 కంపనములను మించిన ధ్వని వినబడదు. కుక్కయో, సుమారు 45,000 కంపనములు గల ధ్వనిని గూడ వినగలదు.

ఇట్టి అమూల్యమైన అవయవమును గుఱించి కుక్కలను పెంచువారు రెండు విధములుగ పొరబడుచుందురు. కొందఱు దానిని ఎన్నడును తెఱచి చూడరు. మఱికొందఱు దినదినమును పుల్లలతోను, నూనెలతోను లోపల కెలకి శుభ్రము చేసితిమని సంతసింతురు. ఈ రెండును హానికరములే. ఇంటివద్ద మనము చేయదగిన పని యెంత, చేయరానిది ఎచ్చట ప్రారంభమగును అను విషయమును ఈ పాఠమునందు తెలిసికొందము.

చెవి నిర్మాణము

బయటికి కనబడు భాగమును చెవిడొప్ప యందుము. దాని మొదటనుండి ఒక గొట్టము లోనికి పోవుచున్నది. మనుష్యుని చెవిగొట్టము ఇంచుమించు తిన్నగనే యుండును. కుక్క చెవిగొట్టము అట్లు కాదు. అది మొదట నిలువుగ క్రిందికి దిగి, పిమ్మట అడ్డముగ తలలోపలికి తిరుగును. అనగా ఇంగ్లీషు అక్షరములలోని 'ఎల్' వంటి ఆకారము గలది. ఆ అడ్డగొట్టము చివర కర్ణభేరి యను పలుచని పొర కలదు. దాని వెనుక మధ్యకర్ణమును, అటుపిమ్మట అంతఃకర్ణమును ఉన్నవి. ధ్వనిని గ్రహించు శక్తియేగాక, దేహము తూలిపోకుండ నిలుపు శక్తియు ఈ అంతఃకర్ణమునందే యున్నది. కుక్కపిల్ల పుట్టినపుడు దాని చెవిగొట్టములు మూసికొనియుండి, సుమారు రెండువారములకు తెఱచుకొనును.

ఈ వంపు యొక్క ప్రాముఖ్యము తెలియుటకు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. దళసరి కాగితముతో రెండు గొట్టములు చుట్టి, 'ఎల్' ఆకారముగ అతికింపుడు. అడ్డగొట్టములో చిన్న దూదియుండ నొకటి యుంచి, పై మూతినుండి చూడుడు. ఉండ మీకు కనబడదు. ఇప్పుడు నిలువుగొట్టములో వంపునకు కొంచెము పైగా మఱియొక యుండనుంచి, దానిని పుల్లతో వెలికి తీయ యత్నింపుడు. అది పైకి వచ్చుటకు మాఱుగా అడుగునకు దిగి వంపులో చిక్కుకొనును. కుక్కచెవిలో పుల్ల పెట్టినవాడు మురికిని వెలుపలికి తీయుటలేదు, లోపలికి కూరుచున్నాడని దీనివలన స్పష్టమగును.

చెవి తన్ను తాను శుభ్రపఱచుకొనుట

చెవిలోని గులిమి మురికి యని పలువురు తలంతురు. అది నిజము కాదు. గొట్టములోని చర్మము కాపాడబడుటకై ప్రకృతి యేర్పఱచిన పూత యది. చెవిలోనికి వచ్చిన దుమ్ము దానికి అంటుకొనును. గొట్టముయొక్క పైచర్మము లోపలినుండి వెలుపలికి మెల్లమెల్లగ జరుగుచు, ఆ గులిమిని దుమ్ముతో గూడ బయటికి చేర్చుచుండును. కావున ఆరోగ్యముగల చెవి మన సహాయము లేకయే శుభ్రముగ నుండగలదు. లోపలి భాగము లేత గులాబిరంగుతో నుండి, దుర్వాసన లేక, గులిమి స్వల్పముగ నున్నచో దానిని ముట్టనక్కఱలేదు. అక్కఱలేనపుడు పలుమాఱు కడిగినచో లోపల తడి నిలిచి, చర్మము నాని, లేని వ్యాధి పుట్టుటకు అవకాశ మేర్పడును.

అయినను కుక్కలన్నియు నొకేతీరున నుండవు. మన వీధులలోని నాటుకుక్కలలో పెక్కింటికి చెవులు నిలువుగ నుండి గాలి బాగుగ తగులును. కాకర్ స్పానియల్, లాబ్రడార్ మొదలగు జాతుల చెవులు వ్రేలాడుచు గొట్టమును కప్పివేయును. పూడిల్ జాతికి గొట్టములో గూడ వెండ్రుకలు మొలచును. ఇట్టివానిని మఱింత జాగ్రత్తతో కనిపెట్టవలయును. ఏ జాతి కుక్క యైనను, వారమునకొకసారి రెండుచెవులను వెలుతురులో తెఱచి చూచుటయు, వాసన చూచుటయు మంచి యలవాటు. శుభ్రము చేయుటమాత్రము మురికి కనబడినపుడే గాని, వైద్యుడు చెప్పిన గడువునకే గాని జరుపవలయును.

మురికి వేఱు, రోగము వేఱు

ఈ పాఠమునందు ముఖ్యముగ గుర్తుంచుకొనవలసిన మాట యిదియే. మురికిని మనము తుడువవచ్చును, రోగమును తుడిచివేయలేము. ఈ క్రింది గుఱుతులలో ఏది కనబడినను ఇంటివద్ద కడుగుట మాని, పశువైద్యునియొద్దకు తీసికొనిపోవలయును:

1. మాటిమాటికి తల విదుల్చుట, చెవిని కాలితో గోకుకొనుట.
2. చెడువాసన, పసుపుపచ్చని లేక ముదురు గోధుమరంగు గల స్రావము, చీము, నెత్తురు.
3. చెవి యెఱ్ఱబాఱుట, వాచుట, ముట్టినంతనే మూలుగుట.
4. నడకలో తూలుట, పిలిచిన పలుకకుండుట.
5. తల నొకప్రక్కకే వంచుకొనియుండుట.

గ్రామఫోను పెట్టె యెదుట కూర్చుండి తల యొకప్రక్కకు వంచి వినుచున్న కుక్క బొమ్మను మీలో ననేకులు చూచియుందురు. అది నిప్పర్ అను నిజమైన కుక్క. ఫ్రాన్సిస్ బరాడ్ అను చిత్రకారుడు దానిని 1898వ సంవత్సరమున చిత్రించెను. క్రొత్త ధ్వని వినినపుడు కుక్క యట్లు తల వంచుట సహజము. కాని యే ధ్వనియు లేనపుడు గూడ తల ఎల్లవేళల ఒకే ప్రక్కకు వ్రాలియున్నచో, వ్యాధి కర్ణభేరిని దాటి లోనికి పోయినదేమో యని శంకింపవలయును.

చెవిరోగములకు కారణములు పెక్కులు. చెవులలో నివసించు అతిసూక్ష్మకీటకములు కొన్ని గలవు. అవి చేరినపుడు కాఫీపొడి వంటి నల్లని మడ్డి యేర్పడును. ఇవి ఒక కుక్కనుండి మఱియొక కుక్కకును, పిల్లులకును వ్యాపించును. ఈస్టు అను బూజుజాతి జీవియు, బాక్టీరియా అను సూక్ష్మజీవులును తడి నిలిచిన చెవిలో వృద్ధిపొందును. గడ్డిగింజ దూఱుటవలనను, కొన్ని యాహారములు మొదలైనవి సరిపడకుండుటవలనను గూడ చెవి పాడగును. వైద్యుడు ఓటోస్కోపు అను దీపపు పరికరముతో ఆ వంపును దాటి చూచి, కర్ణభేరి చెక్కుచెదరక యున్నదో లేదో కనుగొనును. మడ్డిని సూక్ష్మదర్శినితో పరీక్షించి కారణమును నిర్ణయించును. ఒక కారణమునకు తగిన మందు వేఱొకదానికి పనికిరాదు. అంతేకాక, కర్ణభేరి చినిగియున్నచో కొన్ని మందులు లోనికి దిగి, వినికిడిని శాశ్వతముగ చెఱుపగలవు. ఆ కారణముచేతనే నిరుడు మిగిలిన మందును ఈ యేడు పోయుటయు, పొరుగింటి కుక్కకిచ్చిన మందును మన కుక్కకు వాడుటయు తగదు.

కావలసిన వస్తువులు

కుక్కల చెవులు కడుగుటకై ప్రత్యేకముగ తయారుచేయబడి, పశువైద్యుడు సమ్మతించిన ద్రవము, దూది లేక మెత్తని పలుచని గుడ్డముక్కలు, పాత తువాలు, కుక్కకు ప్రియమైన తినుబండారము కొంచెము. ఇంతకుమించి యేమియు అక్కఱలేదు.

శుభ్రము చేయు విధము

బాలబాలికలు ఈ పనిని ఒంటరిగ చేయరాదు. ఇంటిలోని పెద్దలు దగ్గఱ నుండవలయును. ఒకరు కుక్కను పట్టుకొనగా వేఱొకరు శుభ్రము చేయుట యుక్తము. కుక్క షికారునకు పోయివచ్చి శాంతముగ నున్న సమయమును ఎన్నుకొనుడు. చేతులు కడుగుకొని, ద్రవపు సీసాను కొంతసేపు గోరువెచ్చని నీటిలో నిలుపుడు. చల్లని ద్రవము చెవిలో పడిన కుక్క బెదరును.

మొదట చెవిడొప్పను మెల్లగ పైకెత్తి లోపల చూడుడు. పైన చెప్పిన రోగచిహ్నములు లేవని తెలిసిన తరువాతనే ద్రవమును, సీసా మూతి చెవికి తగులకుండ, గొట్టము నిండువఱకు పోయుడు. పిమ్మట చెవి మొదలును వెలుపలినుండి వ్రేళ్లతో 20 లేక 30 సెకనులు మృదువుగ పిసుకుడు. లోపల ద్రవము కదలు చప్పుడు వినబడును; గులిమి మెత్తబడి విడిపోవుచున్నదని దాని యర్థము. తరువాత కుక్కను విడిచి కొంచెము ఎడముగ నిలువుడు. అది బలముగ తల విదుల్చును. గొట్టముయొక్క వంపునుండి మురికిని పైకి తెచ్చువాడు మీరు కాదు, ఆ విదిలింపే.

అటుపిమ్మట వ్రేలికి దూది చుట్టుకొని, డొప్ప లోపలి భాగమును, పైన కనబడు ముడుతలను తుడువుడు. కంటికి కనబడు చోటికే వ్రేలు పోవలయును. వ్రేలు సులభముగ పోనిచోటికి మఱి యేదియు పోరాదు. రెండవ చెవికి క్రొత్త దూదిని వాడుడు. ఒక చెవిలో సూక్ష్మజీవులున్నచో అవి రెండవదానికి చేరకుండును. ముగిసినపిదప కుక్కను మెచ్చుకొని తినుబండార మిండు. మరల నీవు సీసా తెచ్చినపుడు అది పాఱిపోవునా, దగ్గఱకు వచ్చునా యనునది ఈ తుదిమర్యాదపైనే ఆధారపడియున్నది. నడుమ నెప్పుడైనను కుక్క బాధతో అఱచినచో వెంటనే ఆపివేయుడు.

చేయరాని పనులు

దూదిపుల్లలు, అగ్గిపుల్లలు, పిన్నులు చెవిలో పెట్టరాదు. కాగిన నూనె, కిరసనాయిలు, స్పిరిటు, హైడ్రొజన్ పెరాక్సైడు పోయరాదు. ఇవి పుండుపడిన చర్మమును మండించును. లోపలి వెండ్రుకలను వైద్యుడు చెప్పనిదే పెఱుకరాదు. డొప్పమీద గోమారి పట్టియున్నచో, పెద్దలు సన్నని పట్టకారుతో చర్మమునకు దగ్గఱగ పట్టుకొని తిన్నగ లాగివేయవచ్చును. దానిని నిప్పుతో కాల్చుటయు, కిరసనాయిలు రాచుటయు కూడదు. గొట్టములోపల నున్నదానిని వైద్యునికే విడువవలయును.

స్నానము చేయించునపుడు చెవిలోనికి నీరు పోకుండ చూడుడు. చెఱువులో ఈదివచ్చిన కుక్కచెవులను, వానకాలమున తడిసిన చెవులను పొడిగుడ్డతో అద్దుట మఱువకుడు. తల పలుమాఱు విదుల్చుటను ఉపేక్షించినచో డొప్పలోని రక్తనాళము చిట్లి, నెత్తురు చేరి, డొప్ప బుడగవలె ఉబ్బును. అపుడు చిన్న చికిత్సకు బదులు శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

కుక్క కఱచినచో

ఎంత మంచి కుక్క యైనను చెవినొప్పిచేత కఱవవచ్చును. అది దాని దుర్గుణము కాదు. 'కుక్కకాటుకు చెప్పుదెబ్బ' యను సామెత లోకమున నున్నను, అది చికిత్స కాదు. పంటిగాటు గాని గోటిగీఱు గాని తగిలినచో వెంటనే ఆ చోటును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, పెద్దలకు చెప్పి, నాడే వైద్యశాలకు పోవలయును. భయముచేత దాచరాదు. పిచ్చికుక్కవ్యాధి లక్షణములు బయల్పడినపిదప బ్రదుకుట మిక్కిలి యరుదు. ముందుగ టీకా వేయించుకొన్నచో దానిని తప్పించుకొనవచ్చును. లూయీ పాశ్చర్ 1885వ సంవత్సరమున తొమ్మిదేండ్ల బాలునికి ఈ టీకాను మొదట ప్రయోగించి అతని ప్రాణము నిలిపెను. పెంపుడుకుక్కకు గూడ ఈ టీకాను వైద్యుడు చెప్పిన కాలమునకు తప్పక వేయింపవలయును.

నోరులేని జంతువు తన బాధను తల విదిల్చియు, చెవి గోకుకొనియు మాత్రమే చెప్పగలదు. ఆ మొఱను పెడచెవిని పెట్టరాదు. కనబడునంతవఱకు మన చేయి, కనబడనిచోట వైద్యుని కన్ను. ఈ హద్దు నెఱిగి నడచుకొనువారి యింట కుక్క సుఖముగ వినుచు, నమ్మకముతో కావలి కాయును.

అభ్యాసము

1. కుక్క చెవిగొట్టమునకును, మనుష్యుని చెవిగొట్టమునకును భేదమేమి? దాని ఫలితమేమి?
2. గులిమి యెట్లు వెలుపలికి వచ్చును?
3. ఏ గుఱుతులు కనబడినపుడు ఇంటివద్ద చెవి కడుగరాదు? ఏల?
4. మీ యింటనో, ఇరుగుపొరుగుననో యున్న పెంపుడుకుక్క చెవుల ఆకారమును పెద్దల సమక్షమున పరిశీలించి, అవి నిలువుచెవులో, వ్రేలాడు చెవులో వ్రాయుడు.